పాత ట్రక్కు కోడ్‌లు చదవడం – 4వ పాఠం: పి0171, పి0174

గత మూడు పాఠాల్లో స్కానర్ తగిలించడం, కోడ్‌లో ఒక్కో అంకె దేన్ని సూచిస్తుందో చదవడం, ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలో కంప్యూటర్ దాచుకునే ఇంజిన్ లెక్కలు) రాసిపెట్టుకోవడం చూశాం. ఈ పాఠమంతా రెండే రెండు కోడ్‌ల మీద నడుస్తుంది. పాత పెట్రోల్ ట్రక్కుల్లో పి0171, పి0174 తరచుగా వస్తాయి. వీటి పేరు చెప్పి అనవసరంగా మార్చే సెన్సర్లు కూడా ఎక్కువే. అందుకే నిదానంగా వెళ్దాం.

ఓబీడీ-2 (బండి కంప్యూటర్ తన లోపాలను స్కానర్‌కు చెప్పే ప్రామాణిక ఏర్పాటు) ఉన్న బండ్లకే ఈ పద్ధతి. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకు, తేలికపాటి ట్రక్కులకు అది తప్పనిసరి అయింది. అంతకంటే పాతవాటిలో చాలావరకు లైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి కోడ్ చదవాలి. వాటికి విడిగా ఒక పాఠం పెడతాను.

పి0171 అంటే ఒకటో బ్యాంక్‌లో (బ్యాంక్ అంటే ఇంజిన్‌లో ఒక వైపు సిలిండర్ల వరుస) మిశ్రమం లీన్‌గా ఉందని, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైందని. పి0174 రెండో బ్యాంక్ గురించి అదే మాట చెబుతుంది. వీ ఆకారపు ఇంజిన్‌లో ఒకటో నంబర్ సిలిండర్ ఉన్న వైపే ఒకటో బ్యాంక్. అది కుడివైపా ఎడమవైపా అన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి. ఈ కోడ్ ఎక్కడా ఆక్సిజన్ సెన్సర్ పోయిందని చెప్పదు. చాలాసార్లు ఉన్న విషయాన్ని సరిగ్గా చెబుతున్నది ఆ సెన్సరే. దాన్ని పీకేసి కొత్తది పెడితే అదీ అదే మాట చెబుతుంది.

ఇప్పుడు స్కానర్‌లో లైవ్ డేటా తెరవండి. ఈ పాఠానికి ప్రాణం ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకె. కంప్యూటర్ బరువు ప్రకారం 14.7 పాళ్ల గాలికి 1 పాలు పెట్రోల్ ఉండేలా చూస్తుంటుంది. ఎగ్జాస్ట్‌లో కెటలిటిక్ కన్వర్టర్‌కు ముందుండే ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజ్ 0.1 నుంచి 0.9 మధ్య ఊగుతూ ఉంటే, 0.45కి పైన రిచ్ (పెట్రోల్ ఎక్కువ), కింద లీన్ అని లెక్క. లీన్ కనిపిస్తే కంప్యూటర్ అప్పటికప్పుడు పెట్రోల్ పెంచుతుంది. అది షార్ట్ టర్మ్ ట్రిమ్. అదే పెంపు రోజూ అవసరమవుతుంటే దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అది లాంగ్ టర్మ్ ట్రిమ్. ఈ రెండూ కలిపి చూడాలి. మొత్తం ప్లస్ 10 లోపు, మైనస్ 10 లోపు ఉంటే పాత బండికి అది మామూలే. చాలా బండ్లలో లాంగ్ టర్మ్ ప్లస్ 25 చుట్టుపక్కలకు చేరేసరికి కోడ్ పడుతుంది.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక మూడుచోట్ల ట్రిమ్ రాసుకోండి. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచి ఒకసారి, ఎత్తు ఎక్కుతూ లోడ్ పడినప్పుడు ఇంకోసారి. మూడోదానికి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని వాళ్లచేత రాయించండి. నడుపుతూ స్కానర్ చూడొద్దు.

ఒక బండిలో ఐడిల్ దగ్గర రెండు బ్యాంక్‌లూ ప్లస్ 22, 2500 దగ్గర ప్లస్ 6, ఎత్తులో ప్లస్ 4 ఉన్నాయనుకుందాం. ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కాబట్టి ఇంజిన్ పీల్చే గాలి కొంచెమే. ఎక్కడో చిన్న పగులులోంచి దొంగతనంగా దూరే గాలి అందులో పెద్ద వాటా అవుతుంది. ఆర్‌పీఎం పెరిగాక అసలు గాలి ఎక్కువై ఆ దొంగ గాలి లెక్కలోకి రాదు. ట్రిమ్ ఐడిల్‌లో ఎక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గిందంటే, వ్యాక్యూమ్ లీక్ కోసం వెతకండి.

పాత బండిలో లీక్ ఎక్కడ ఉంటుందంటే, ముందు రబ్బరు ఉన్నచోటే. పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) దగ్గరి మోచేతి గొట్టాన్ని వేలితో నొక్కి చూడండి. పైకి బాగానే కనిపించినా అడుగువైపు నూనెకు నాని మెత్తబడి, చీలి ఉంటుంది. ఆ తర్వాత బ్రేక్ బూస్టర్ గొట్టం, ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా వచ్చే పెద్ద పైపు మడతలు, చివరికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్. బండి ఐడిల్‌లో ఉండగా ఒక్కో గొట్టాన్నీ గుడ్డ చుట్టి ప్లయర్‌తో మెల్లగా నొక్కుతూ షార్ట్ టర్మ్ ట్రిమ్ మీద కన్నేయండి. ఏ గొట్టం నొక్కినప్పుడు ఆ అంకె కొన్ని సెకన్లలోనే దబ్బున పడిపోతుందో, లీక్ ఆ దారిలోనే ఉంది. కార్బ్ క్లీనర్ స్ప్రే చేసి వెతికేవాళ్లున్నారు. వేడి మానిఫోల్డ్ మీద అది అంటుకుంటుంది కాబట్టి నేనైతే వద్దంటాను. గొట్టాల్లో దొరకకపోతే స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ ఊది ఎక్కడ బయటికొస్తుందో చూసే పరీక్ష) చేయించండి. దానికి పెట్టే డబ్బు దండగ కాదు.

ఫ్రీజ్ ఫ్రేమ్ రాసిపెట్టుకోమన్నది ఇందుకే. అందులో కూలెంట్ ఉష్ణోగ్రత తక్కువగా ఉంటే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఆ తేడా వచ్చిందన్నమాట. గట్టిపడిన గాస్కెట్ చలికి ముడుచుకుని లీకై, ఇంజిన్ వేడెక్కాక మూసుకుపోతుంది. అలాంటి బండిని మధ్యాహ్నం వేడి మీద ఎంత వెతికినా ఏమీ దొరకదు. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో చూడాలి.

ఇంకో మాట. మీ ట్రక్కులో గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ లేకుండా మానిఫోల్డ్ పీడనం కొలిచే ఎంఏపీ సెన్సర్ మాత్రమే ఉంటే పై లెక్క నేరుగా సరిపోదు. దొంగ గాలి దూరితే పీడనం పెరుగుతుంది, ఎంఏపీ దాన్ని గమనిస్తుంది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోల్ ఇస్తుంది. అక్కడ లీన్ కోడ్‌కు బదులు ఐడిల్ పెరగడమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇప్పుడు రెండో రకం. ఐడిల్‌లో ప్లస్ 3, 2500 దగ్గర ప్లస్ 9, ఎత్తులో ప్లస్ 24. ఇంజిన్ ఎక్కువ అడిగినప్పుడే పెట్రోల్ చాలడం లేదు. ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా పంపు బలహీనపడి ఉండాలి, లేదంటే ఎంఏఎఫ్ సెన్సర్ తీగ మురికి పట్టి గాలిని తక్కువగా చెబుతుండాలి. ఎంఏఎఫ్ కోసమే అమ్మే క్లీనర్‌తో దాన్ని తుడవకుండా స్ప్రే చేసి, పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ చూడండి. తగ్గకపోతే గేజ్ పెట్టి ఫ్యూయల్ ప్రెషర్ కొలవండి. ఐడిల్‌లో కొలిచి సరిపోయిందనుకోవద్దు, లోడ్ మీద కూడా ప్రెషర్ నిలబడాలి.

మూడోది పి0171 ఒక్కటే, లేదా పి0174 ఒక్కటే వచ్చినప్పుడు. పంపు, ఎంఏఎఫ్ రెండు వైపులకూ ఉమ్మడి కాబట్టి అవి కారణమయ్యే అవకాశం తక్కువ. ఆ ఒక్క వైపే వెతకాలి. పాత వీ8 ట్రక్కుల్లో నేను మొదట చూసేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. దాని బోల్టు విరిగినా, మానిఫోల్డ్ పగిలినా చల్లని స్టార్ట్‌లో టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది. ఇనుము వేడెక్కి వ్యాకోచించాక ఆ చప్పుడు తగ్గుతుంది. పొగ విడతలు విడతలుగా తన్నుకొస్తుంటే, మధ్యలో పైపులోని పీడనం బయటికంటే తగ్గే క్షణాలుంటాయి. అప్పుడు ఆ పగులులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. దాని వెనకున్న సెన్సర్‌కు ఆ ఆక్సిజన్ తగిలి లీన్ అంటుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోల్ పెంచుతుంది. నిజానికి ఆ వైపు రిచ్‌గా నడుస్తుంటుంది. ఆ వైపు స్పార్క్ ప్లగ్ ఊడదీసి చూడండి. కోడ్ లీన్ అంటున్నా ప్లగ్ నల్లగా మసిబారి ఉంటే, ప్లగ్‌నే నమ్మండి.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపేముందు అంకెలన్నీ కాగితం మీద ఉన్నాయో లేదో చూసుకోండి. చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, రెడీనెస్ మానిటర్లన్నీ (కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) మళ్లీ మొదటికొస్తాయి. అవి పూర్తి కావాలంటే రకరకాల వేగాల్లో, చల్లని స్టార్ట్‌లతో కొన్నాళ్లు బండి నడవాలి. ఎమిషన్ పరీక్షకు ముందురోజు కోడ్ చెరిపి వెళ్లడం వల్ల ప్రయోజనం లేదు. మానిటర్లు పూర్తి కాలేదని పరీక్ష చేసేవాళ్లకు తెలిసిపోతుంది.

కెటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పి0420 కోడ్‌ను ఈ పాఠం తర్వాతకి ఎందుకు పెట్టానో కూడా చెప్పాలి. ఎగ్జాస్ట్ లీక్ వల్ల కన్వర్టర్ వెనకున్న సెన్సర్ తప్పుడు లెక్క ఇచ్చి, కెటలిటిక్ కన్వర్టర్ బాగున్నా పోయిందని కోడ్ రావచ్చు. ట్రిమ్ సరికాకుండా, మిస్‌ఫైర్ పోకుండా కొత్త కన్వర్టర్ బిగిస్తే కొన్నాళ్లకు అదీ పాడవుతుంది. కాబట్టి 5వ పాఠానికి వచ్చేలోపు మీ బండి ట్రిమ్ ఐడిల్‌లో, 2500లో, ఎత్తులో ఎంతుందో రెండు బ్యాంక్‌లకీ విడివిడిగా రాసి పెట్టుకోండి. ఆరు అంకెలూ ప్లస్ 10, మైనస్ 10 మధ్యలో ఉంటేనే వెనక సెన్సర్ జోలికి వెళ్దాం.