ప్యాచ్ టెస్ట్ పొరపాటు లేకుండా చేయడం ఎలా

తాపీ మేస్త్రీ చేతులు పగిలి, నెలల తరబడి దురద పెడుతుంటే, కారణం సిమెంట్‌లోని క్రోమియమా, తొడుక్కున్న రబ్బరు గ్లవుజులా అన్నది కంటితో చూసి చెప్పలేం. అనుమానమున్న పదార్థాలను ప్లాస్టర్‌తో వీపుకు రెండు రోజులు అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ చేస్తేనే తేలుతుంది. 1895లో బ్రెస్లావ్ నగరంలో యోసెఫ్ యాదసోన్ అనే చర్మవైద్యుడు, పాదరసం మందు పడని రోగుల చర్మానికి అదే మందు అంటించి ఈ పద్ధతికి పునాది వేశాడు.

ఇలా వస్తువు తగిలి వచ్చే అలర్జీ, రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల వల్ల వస్తుంది. అవి కూడి వాపు తెచ్చేసరికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. చర్మాన్ని సూదితో గుచ్చి పావుగంటలో ఫలితమిచ్చే ప్రిక్ టెస్ట్‌కు గానీ, రక్తంలో ఐజీఈ (వెంటనే వచ్చే అలర్జీలకు కారణమైన యాంటీబాడీ) పరీక్షకు గానీ ఇది దొరకదు. ఒక వస్తువు తగిలి వచ్చిన ఎగ్జిమాకు ఐజీఈ ప్యానెల్ రాయడమంటే రోగి డబ్బు వృథా చేయడమే.

ముందుగా వీపు చూడండి. దద్దుర్లు ఉంటే వాయిదా వేయండి. అక్కడ వారం రోజులుగా స్టీరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసి ఉండకూడదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ మాత్రలు రియాక్షన్‌ను అణిచేస్తాయి కాబట్టి వీలైతే కోర్సు అయ్యాకే చేయండి. సెట్రిజిన్ లాంటి దురద మాత్రలు మాత్రం ఆపక్కర్లేదు. అవి హిస్టమిన్‌ను అడ్డుకుంటాయే తప్ప టీ కణాలను కాదు. అనవసరంగా ఆపించి రోగిని దురదతో బాధపెట్టకండి. మన ఎండాకాలం చెమటకు ప్లాస్టర్ నిలవదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

8 మిల్లీమీటర్ల ఫిన్ చాంబర్‌లో (ప్లాస్టర్‌పై ఉండే చిన్న అల్యూమినియం గిన్నె లాంటి గది) పరీక్షించే పదార్థం కలిపిన వాసెలిన్ మిశ్రమం 20 మిల్లీగ్రాములు పెట్టాలి. సిరంజి నుంచి సుమారు అర సెంటీమీటరు పొడవు వస్తే చాలు. ఎక్కువైతే పక్క గదిలోకి పాకుతుంది, తక్కువైతే ఉన్న అలర్జీ కూడా కనబడదు. ద్రవమైతే ఫిల్టర్ పేపరు మీద 15 మైక్రోలీటర్లు, అదీ అంటించే ముందే. సుగంధాలు, జిగుర్లలో ఉండే యాక్రిలేట్లు ఆవిరైపోతాయి కాబట్టి వాటినీ ముందు నింపి ఉంచకూడదు. పాదరసం లవణాలకు అల్యూమినియం గది వాడకండి, రెండూ కలిసి చర్య జరుపుతాయి. ప్లాస్టిక్ గది తీసుకోండి.

వెన్నెముకకు కనీసం రెండున్నర సెంటీమీటర్లు పక్కన, వీపు పైభాగంలో, గాలి మిగలకుండా కింది నుంచి పైకి నొక్కుతూ అంటించండి. చెరగని మార్కర్‌తో గుర్తులు పెట్టి, ఏ గదిలో ఏముందో కాగితం మీద బొమ్మ గీసుకోండి. గుర్తు చెరిగితే పరీక్ష మొత్తం పోయినట్టే. రెండు రోజులు వీపు తడవకూడదు, బరువులు మోయకూడదు. మంట భరించలేనంతగా ఉంటే ఆ ఒక్క ప్యాచ్ తీసేయాలని రోగికి ముందే చెప్పండి.

48 గంటలకు ప్యాచ్‌లు తీశాక వెంటనే చదవకండి. ప్లాస్టర్ ఒత్తిడి వల్ల వచ్చిన ఎరుపు తగ్గడానికి అరగంట ఆగండి. అసలు విలువైనది 96 గంటల రీడింగ్. చాలాచోట్ల రోగి మళ్లీ రాలేడని దీన్ని వదిలేస్తున్నారు. అలా చేస్తే ఆలస్యంగా వచ్చే రియాక్షన్లు చేజారిపోతాయి. రెండో రోజు కనబడి నాలుగో రోజుకు వాడిపోయింది చాలావరకు అలర్జీ కాదు, పదార్థం ఘాటు వల్ల చర్మానికి కలిగిన చికాకే. పెరిగితే అలర్జీ. నియోమైసిన్ (ఒక యాంటీబయాటిక్), స్టీరాయిడ్ క్రీములపై అనుమానముంటే ఏడో రోజున కూడా చూడాలి.

మన చామనఛాయ చర్మంపై ఎరుపు సరిగా తెలియదు. లైటు పక్క నుంచి వేసి చూడండి, వేలితో తడమండి. రియాక్షన్ తీవ్రతను ప్లస్ గుర్తులతో రాస్తారు: గట్టిదనం, చిన్న పొక్కులు తగిలితే ఒక ప్లస్, నీటిపొక్కులుంటే రెండు, అవి కలిసిపోయి బొబ్బ కడితే మూడు. వయ్యారిభామ (పార్థీనియం) కలుపుమొక్క పడనివారిలో దాని ప్యాచ్ చాలా తీవ్రంగా రావచ్చు. ముఖమంతా ఎగ్జిమా రగులుతున్నప్పుడు చేస్తే వీపంతా ఒకేసారి ఎర్రబడి, ఏది నిజమో తెలియని స్థితి వస్తుంది. అప్పుడు నెల రెండు నెలలు ఆగి, అనుమానమున్నవాటిని విడివిడిగా పరీక్షించాలి.

రోగి తెచ్చిన క్రీములు, లిప్‌స్టిక్ ఉన్నవి ఉన్నట్టే పెట్టవచ్చు. సబ్బు, షాంపూలను నీళ్లలో 1 శాతానికి పలచన చేయాలి. సిమెంటు పొడి, కిరోసిన్, బట్టల డిటర్జెంట్ ఎప్పుడూ నేరుగా కట్టవద్దు, చర్మం కాలిపోతుంది.

చివరగా, ఆ ప్లస్‌కు రోగి జీవితంతో సంబంధముందో లేదో అడిగి తెలుసుకోండి. నికెల్ 5 శాతానికి రెండు ప్లస్‌లు వచ్చాయంటే అది చిన్నప్పుడు గిల్టు కమ్మలు పెట్టుకున్న నాటిది కావచ్చు, ఇప్పటి చేతి ఎగ్జిమాకు కారణం వేరే ఉండవచ్చు. హెయిర్ డైలలో వాడే పారాఫినైలిన్‌డయమిన్ అనే రసాయనానికి వస్తే మాత్రం నల్ల హెయిర్ డై వెంటనే మాన్పించాలి. గోరింటాకు పేరుతో అమ్మే నల్లపొడిలోనూ తరచూ అదే ఉంటుందని చెప్పి, పడని వస్తువుల పేర్లు తెలుగులో రాసి రోగి చేతికివ్వండి.