దేవుణ్ణి నిలదీసే వచనాలు రోగుల దగ్గర చదవడం ఎలా

ఆదివారం మధ్యాహ్నాలు నేను గుంటూరులో రోగుల పక్కన కూర్చుని బైబిల్ చదువుతాను. బాధలో ఉన్నవాళ్లకి ఓదార్పు వాక్యాలే వినిపించాలని చాలామంది అంటారు. నేనలా అనుకోను. యూదుల లేఖనాల్లో, అంటే మన పాత నిబంధనలో, దేవుడి మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయి, అవి కూడా చదవాలి.

నిర్గమకాండం 14తో మొదలుపెట్టండి. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి మోషే వెంట బయటపడ్డ ఇశ్రాయేలీయులకి ముందు సముద్రం, వెనక ఆ దేశపు రాజు ఫరో రథాలు. ఐగుప్తులో సమాధులు లేవనా మమ్మల్ని చావడానికి ఈ అరణ్యానికి తెచ్చావు, అని జనం మోషేని అడుగుతారు. పిరమిడ్ల దేశం నుంచి వచ్చినవాళ్లు అడిగిన మాట! ప్రసంగం గొంతుతో చదవకండి. భయపడ్డ మనిషి మాట్లాడినట్టు గబగబా చదవండి. వినేవాళ్లకి నవ్వొస్తే నవ్వనివ్వండి.

తర్వాత సంఖ్యాకాండం 11. అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం మన్నాతో విసిగిపోయినవాళ్లు, ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు తలుచుకుంటారు. ఒక్కో పేరూ ఆగి ఆగి చదవండి. పథ్యం తిండి తినేవాళ్లకి ఆ బాధ వెంటనే తెలుస్తుంది. అదే అధ్యాయంలో మోషే, ఈ జనాన్నంతా నేను కన్నానా, ఇలాగైతే నన్ను చంపెయ్యి అంటాడు. సణిగితే పాపమని మన చర్చిల్లో తరచూ వింటాం. ఇక్కడ జనం మీదికి తెగులు వచ్చిన మాట నిజమే. కానీ మోషేకి శిక్ష పడలేదు, అతని భారం పంచుకోవడానికి 70 మంది పెద్దలు వచ్చారు. ఈ భాగం మాత్రం వదలొద్దు.

అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబు కథలోంచి యోబు 7ని 8వ కీర్తన పక్కన పెట్టి చదవండి. మనిషిని పట్టించుకోవడానికి అతడెంతటివాడని కీర్తన ఆశ్చర్యపోతుంది. యోబు అదే ప్రశ్న అడిగి, ఉమ్మి మింగేంతసేపైనా నన్ను వదలవా అంటాడు. చివర 42వ అధ్యాయంలో దేవుడు తప్పుపట్టింది దేవుణ్ణి వెనకేసుకొచ్చిన స్నేహితుల్నే.

88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది. మీరూ అక్కడే ఆగండి, వెంటనే ఓదార్పునిచ్చే 23వ కీర్తన అందుకోకండి.

యూదు గురువుల చర్చల సంకలనమైన తల్ముదులో, బెరఖోత్ అనే భాగంలో, రబ్బీ (యూదు మత గురువు) యోహానాన్ జబ్బుపడ్డ హియ్యా బర్ అబ్బాని చూడబోతాడు. ఈ బాధలు నీకు ఇష్టమేనా అని అడుగుతాడు. అవీ వద్దు, వాటికొచ్చే ప్రతిఫలమూ వద్దంటాడు హియ్యా. యోహానాన్ వాదించడు, చెయ్యి ఇవ్వమని అడిగి పైకి లేపుతాడు. మీరూ ముందు అడగండి. ఇలాంటి జవాబే వస్తే, ఈ జబ్బు వెనక దేవుడి ఉద్దేశం ఇదీ అని చెప్పబోకండి.