చెరువు నీటి ఉష్ణోగ్రతను నెలల తరబడి కొలిచే చవక సెన్సార్ ఎలా చేసుకోవాలి?

నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీలకు 7.6 మాత్రమే. చేపలకు అది పెద్ద తేడా. అందుకే చెరువు బాగోగులు గమనించాలంటే ఉష్ణోగ్రతతో మొదలుపెట్టమంటాను.

3.3 వోల్టుల ఆర్డుయినో ప్రో మినీ (ప్రోగ్రాం ఎక్కించి నడిపే చిన్న బోర్డు), వాటర్‌ప్రూఫ్ డీఎస్18బీ20 ప్రోబ్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్), 4.7 కిలోఓమ్ రెసిస్టర్, 24ఎల్‌సీ256 మెమరీ మాడ్యూల్ (రీడింగులు దాచే చిప్), మూడు ఏఏ ఆల్కలైన్ సెల్స్ చాలు. ఎస్‌డీ కార్డు వద్దు, రాసేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది. ఈ మెమరీలో రీడింగుకు రెండు బైట్ల చొప్పున, పావుగంటకొకటి రాసినా 170 రోజులు సరిపోతుంది.

ముందు బోర్డు మీది పవర్ ఎల్ఈడీని, వోల్టేజీని సర్దే రెగ్యులేటర్‌ను తీసేయండి. ఎప్పుడూ వెలిగే ఆ చిన్న దీపం ఒక్కటే బ్యాటరీని తినేస్తుంది. సెల్స్‌ను నేరుగా వీసీసీకి (బోర్డుకు పవర్ అందే పిన్) కలపండి. ప్రోబ్ పవర్ వైరును మాత్రం ప్రోగ్రాంతో ఆన్, ఆఫ్ చేయగల ఒక డిజిటల్ పిన్‌కు ఇవ్వండి, అప్పుడు అవసరమైనప్పుడే ఆన్ చేయొచ్చు. రెసిస్టర్ ఆ వైరుకూ డేటా వైరుకూ మధ్య ఉండాలి.

ఇక అసలు కీలకం నిద్ర. సర్క్యూట్ నిరంతరం మెలకువగా ఉండి 10 మిల్లీఆంపియర్లు లాగితే, 2000 మిల్లీఆంపియర్ అవర్ సెల్స్ 200 గంటల్లో, అంటే ఎనిమిది రోజుల్లో అయిపోతాయి. పావుగంటకోసారి రెండు సెకన్లు మేల్కొని, మిగతా సమయం 0.01 మిల్లీఆంపియర్‌తో నిద్రపోతే సగటు 0.032కు దిగుతుంది. కాగితం మీద అది ఏడేళ్లు! సెల్స్ వాటంతట అవే నీరసిస్తాయి, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పనిచేయవు కాబట్టి అందులో సగం వచ్చినా గొప్పే.

ప్రోగ్రాంలో వాచ్‌డాగ్ టైమర్‌తో (బోర్డును నిద్రలోంచి లేపే లోపలి గడియారం) ఎనిమిది సెకన్ల చొప్పున 112 సార్లు నిద్రపుచ్చండి. లేచాక ప్రోబ్‌కు పవర్ ఇచ్చి, కొలవమని చెప్పి, 750 మిల్లీసెకన్లు ఆగి చదవండి. చెరువు 85 డిగ్రీలు చూపిస్తే కంగారు పడొద్దు. పవర్ ఇవ్వగానే ప్రోబ్‌లో ఉండే అంకె అదే, మీరు తగినంత ఆగలేదన్నమాట.

నీళ్లలో వేసేముందు దంచిన ఐసు, నీళ్లు కలిపిన గిన్నెలో ప్రోబ్ ముంచి తిప్పుతూ ఉండండి. సున్నా బదులు 0.3 చూపిస్తే ప్రతి రీడింగులోంచీ 0.3 తీసేయాలి. ఈ పని దయచేసి ఎగ్గొట్టొద్దు, తప్పు అంకెల కంటే అంకెలు లేకపోవడమే నయం.

బోర్డును సిలికా జెల్ ప్యాకెట్‌తో సహా గట్టి డబ్బాలో మూసి నీడలో కట్టండి, వైరు అడుగు నుంచి బయటకు రావాలి. మధ్యాహ్నం పైపొర త్వరగా వేడెక్కుతుంది కాబట్టి ప్రోబ్‌ను తేలే బెండుకు కట్టి ఎప్పుడూ ఒకే లోతులో ఉంచండి. పెట్టిన సమయం, తీసిన సమయం రెండూ రాసుకోండి. వాచ్‌డాగ్ గడియారం అంత కచ్చితం కాదు, ఆ తేడాను తర్వాత సర్దడానికి అవే ఆధారం.