రోగి అనుభవ సర్వే అంకెలు నమ్మేలా లేనప్పుడు ఏం చూడాలి: సమస్య, కారణం, పరిష్కారం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఆసుపత్రులకు రోగి అనుభవ సర్వేలు తయారుచేసి ఇస్తూ, దారి తప్పినవాటిని సరిచేస్తూ వచ్చిన అనుభవంతో ఇది రాస్తున్నాను. ప్రశ్నపత్రం రాయడం, ఫోన్లు చేయించడం, జవాబులను ఎక్సెల్‌లోకి ఎక్కించడం మీకు తెలిసే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. అంకెలు అనుమానంగా కనిపించగానే చాలామంది ప్రశ్నలు మార్చేస్తారు, లేదా ఇంకో రెండు వందల మందిని అడిగిస్తారు. అంతకన్నా ముందు గత నెల ఫారాల కట్ట విప్పి కనీసం ముప్పై ఫారాలను మీ చేత్తో తిరగేయండి. ఫోన్ సర్వే అయితే పది కాల్ రికార్డింగులను మొదటినుంచి చివరిదాకా వినండి. ఒక పూట కూడా పట్టని ఈ పనిని, నన్ను పిలిపించిన ఆసుపత్రుల్లో దాదాపు ఎక్కడా ఎవరూ చేసి ఉండలేదు.

సమస్య: అందరూ అన్నింటికీ "చాలా బాగుంది" అంటున్నారు

కట్ట విప్పితే కారణం కంటికే కనిపిస్తుంది. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, పైనుంచి కిందికి గీత గీసినట్టు టిక్కులు, సలహాల గడి ఖాళీ. డిశ్చార్జి సమ్మరీ చేతికి రాకముందే వార్డు సిస్టర్ ఫారం తెచ్చి నింపించారని అర్థం. కాగితాలు ఇంకా అవతలివారి దగ్గరే ఉండగా, అందులోనూ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద ఉచితంగా ఆపరేషన్ చేయించుకున్న మనిషి, "రాత్రి పిలిస్తే ఎవరూ రాలేదు" అని ఆ సిస్టర్ ఎదుటే ఎలా చెప్పగలడు?

పేషెంటు ఇంటికి చేరాక, వార్డుతో సంబంధం లేని వ్యక్తి చేత అడిగించండి. అమెరికాలో 2006 నుంచి జాతీయ స్థాయిలో నడుస్తున్న హెచ్‌క్యాప్స్ సర్వేలో కూడా డిశ్చార్జి అయి 48 గంటలు గడిచాకనే పేషెంటును పలకరిస్తారు. ప్రశ్న కూడా "మా సేవలతో తృప్తి చెందారా" అని ఉండకూడదు. "సిస్టర్‌ను పిలిచినప్పుడు వెంటనే వచ్చారా: ప్రతిసారీ, చాలాసార్లు, కొన్నిసార్లు, ఒక్కసారి కూడా రాలేదు" అని అడగాలి. తృప్తి గురించి అడిగితే మనవాళ్లు ప్రాణం నిలిపినందుకు కృతజ్ఞత చెప్పుకుంటారు, జరిగినదాని గురించి అడిగితే జరిగినది చెబుతారు.

సమస్య: వార్డులో ఏమీ మారలేదు, మార్కులు మాత్రం మారిపోయాయి

దీని దగ్గర నేను గట్టిగా దెబ్బతిన్నాను కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఒక ఆసుపత్రిలో "ఏ మందు ఎందుకో, ఎలా వాడాలో మీకు అర్థమయ్యేలా చెప్పారా" అన్న ప్రశ్నకు మార్కులు రెండు నెలల్లో బాగా పెరిగాయి. నర్సింగ్ విభాగాన్ని అందరూ అభినందించారు, మంచం దగ్గరికి వెళ్లి మందులు వివరించే ఫార్మసిస్టును ఇక అవసరం లేదని వేరే పనికి మార్చారు. ఆ నిర్ణయానికి ఆధారమైన నివేదిక నేను రాసిందే. తరువాత మందులు తారుమారుగా వాడి తిరిగి వచ్చిన పేషెంట్లు కనిపించడంతో అనుమానం వచ్చి రికార్డింగులు విన్నాను. ఒక కాల్‌లో వెనక యంత్రాల మోత వినిపిస్తోంది. శ్రీసిటీ పారిశ్రామికవాడలో షిఫ్టులో ఉన్న కుర్రాడు ఫోన్ ఎత్తి, "ఆఁ, అన్నీ చెప్పినారు సార్, నేనే రాసుకున్నా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, డాక్టరు వార్డు బయట నిలబెట్టి చెప్పింది అతనికే. పేషెంటు అతని తల్లి, పుత్తూరు దగ్గర పల్లెలో ఉంటుంది. సాయంత్రం ఆమెతోనే మాట్లాడితే, "తెల్లమాత్ర ఒకటి, ఎర్రమాత్ర ఒకటి ఇచ్చినారు నాయనా, యాది దేనికో నాకేం తెలుసు? వాడొచ్చినాక అడిగి మింగుతా" అంది. పొద్దున వేసుకోవలసిన మాత్ర కొడుకు డ్యూటీ దిగి వచ్చే రాత్రి పదింటిదాకా డబ్బాలోనే ఉంటోందన్నమాట.

మారింది ఫోన్ చేసే వేళ ఒక్కటే. సాయంత్రం సిబ్బంది తగ్గారని కాల్స్‌ను రాత్రి ఏడు నుంచి పగలు పదకొండుకు జరిపారు. ఓపీ కౌంటరులో రాసుకునే నంబరు చాలాసార్లు చీటీ తీసుకున్న కొడుకుదో, అల్లుడిదో అవుతుంది. రాత్రి అయితే అతను ఇంట్లో ఉండి ఫోను తల్లికి ఇస్తాడు, పగలు అయితే పని చోటునుంచి తానే జవాబు చెప్పేస్తాడు. పేషెంట్ల అభిప్రాయం తెలుసుకోవడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో తెచ్చిన మేరా అస్పతాల్ పద్ధతిలోనూ ఎస్సెమ్మెస్ అయినా, కాల్ అయినా చేరేది నమోదైన ఆ నంబరుకే.

ఉదాహరణకు, ఈ ప్రశ్నకు పేషెంట్లు నూటికి 50 మంది, అటెండెంట్లు, అంటే పేషెంటు వెంట ఉండే ఇంటివాళ్లు, నూటికి 90 మంది "అవును" అంటారనుకుందాం. వంద కాల్స్‌లో 60 మంది పేషెంట్లు, 40 మంది అటెండెంట్లు పలికితే మొత్తం 66 అవుతుంది. 30 మంది పేషెంట్లు, 70 మంది అటెండెంట్లు పలికితే 78 అవుతుంది. వార్డులో ఎవరూ ఏమీ చేయకుండానే 12 మార్కులు పెరిగినట్టు కనిపిస్తుంది.

పరిష్కారం అడ్మిషన్ దగ్గర మొదలవుతుంది. "మీ ఫోన్ నంబరు" అని కాకుండా "ఇంటికి వెళ్లాక పేషెంటు దగ్గర ఉండే ఫోను ఏది" అని విడిగా అడిగి రెండో నంబరు రాయించండి. సర్వే ఫారంలో అన్నిటికన్నా ముందు "జవాబు చెబుతున్నది ఎవరు: పేషెంటు, అటెండెంటు, ఇద్దరూ కలిసి" అన్న గడి ఉండాలి; అది నింపనిదే తరువాతి ప్రశ్న తెరుచుకోకుండా చూడండి. పేషెంటు దొరకకపోతే ఏ వేళకు చేయాలో కనుక్కుని మళ్లీ చేయండి. పసిపిల్లలు, పక్షవాతంతో మాట పడిపోయినవారు వంటి సందర్భాలలో అటెండెంటునే అడగక తప్పదు. అయితే వారికి వేరే ఫారం ఇచ్చి, వారు కళ్లారా చూసినవాటినే అడగాలి. నొప్పి తగ్గిందా లేదా అన్నది పక్కన కూర్చున్నవారికి తెలియదు. ఈ రెండు జవాబులను ఏ నివేదికలోనూ కలిపి సగటు తీయవద్దు. హెచ్‌క్యాప్స్‌లో పేషెంటుకు బదులు మరొకరు చెప్పడాన్ని మొదటినుంచీ అనుమతించలేదు, 2025 జనవరి నుంచే సడలించారు. మన దగ్గర ఆసుపత్రిలో ఒంటరిగా ఉండే పేషెంటు అరుదు కనుక నిషేధించి లాభం లేదు, వేరుచేసి చూడడమే మార్గం. పాత నెలల లెక్కలను సరిదిద్దలేము. పద్ధతి మారిన తేదీ దగ్గర గ్రాఫులో నిలువు గీత గీసి, రెండు వైపులనూ పోల్చడం మానండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. క్యాన్సర్ వంటి జబ్బుల్లో "ఆమెకు చెప్పొద్దు సార్" అని కుటుంబం వేడుకునే సందర్భాలు మనకు తెలిసినవే. కాబట్టి ఫోన్ చేసేవారు జబ్బు పేరు ఎత్తకూడదు, వారి ముందున్న తెరమీద కూడా ఆ పేరు కనబడకూడదు.

సమస్య: ఒకే పేషెంటు జవాబులు ఒకదానికొకటి పొసగడం లేదు

ప్రశ్న "తగ్గలేదా", "రాలేదా" అన్నట్టు వ్యతిరేకంగా ఉందేమో చూడండి. "నొప్పి తగ్గలేదా అమ్మా?" అని అడిగితే, తగ్గనివారు "అవును" అంటారు, తగ్గినవారు "లేదు, తగ్గింది" అంటారు. ఫోన్ చేసేవారు మొదటి మాట విని గడి నింపేస్తారు. "ఆఁ" అన్నది మరీ ప్రమాదం, అది ఒప్పుకోలు కావచ్చు, వింటున్నాను అని కావచ్చు. ఫారంలో ప్రశ్న సరిగానే ఉన్నా నోటిమాటలో మారిపోతుంది కనుక ఇది రికార్డింగులోనే దొరుకుతుంది. నగరి, సత్యవేడు వైపునుంచి వచ్చే తమిళం మాట్లాడేవారికి ఎవరికి తోచినట్టు వారు అప్పటికప్పుడు అనువదించి అడిగినా ఇదే జరుగుతుంది. తమిళ పాఠాన్ని రాయించి, వేరొకరి చేత తిరిగి తెలుగులోకి చెప్పించి సరిచూసుకోండి.

సమస్య: ఒక్క ప్రశ్నకే సగటు పాతాళంలో ఉంది

"నాకు వర్తించదు" అన్నదానిని సున్నాగా ఎక్కించారు. ఆ గడులను ఖాళీ చేసి మళ్లీ లెక్క తీయండి. అది కాకపోతే "డాక్టర్లు, సిస్టర్లు మర్యాదగా మాట్లాడారా" వంటి జంట ప్రశ్న అయి ఉంటుంది, రెండుగా విడగొట్టండి.

ఒకే పేషెంటు రెండుసార్లు నమోదు కావడం, యాప్‌లో తేదీలు తారుమారు కావడం వంటివి ఎప్పుడో గానీ జరగవు. పైవన్నీ చూశాకనే సాఫ్ట్‌వేర్ వారికి ఫోన్ చేయండి, చేసేముందు ఇంకో పది రికార్డింగులు వినండి.