ఫెజంట్ వేట క్యాంపుకి కుక్కను తీసుకెళ్ళే ముందు

మా కర్రి నల్ల లాబ్రడార్. ఏడేళ్ళ ఆడకుక్క, 62 పౌండ్లు. పల్నాడులో మా తాతయ్య అరక కట్టిన నల్లెద్దు పేరే దానికి పెట్టాను. ఏటా అక్టోబర్ మూడో శనివారానికి అదీ నేనూ, ఆఫీసు స్నేహితులు ముగ్గురూ కలిసి అమెరికాలో మిన్నెసోటా నుంచి పక్క రాష్ట్రం సౌత్ డకోటాకి వెళ్తాం. అక్కడ ఆ రోజే ఫెజంట్ సీజన్ మొదలవుతుంది. ఫెజంట్ అంటే మన నెమలికీ నాటుకోడికీ చుట్టం. ఆసియా నుంచి తెచ్చి వదిలిన పక్షి. 1919లో స్పింక్ కౌంటీలో ఒక్క రోజు సీజన్‌తో అక్కడ దాని వేట మొదలైంది, ఇప్పుడది ఆ రాష్ట్ర పక్షి కూడా. పుంజుల్నే కొట్టాలి, మనిషికి రోజుకి మూడే. పెట్టల జోలికి పోకూడదు.

ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం, అది అలాగే ఉండాలని నా కోరిక కూడా. ఇక్కడ సంగతి వేరు. లైసెన్స్ తీసుకుని, లెక్క ప్రకారం వేటాడే పద్ధతి ఉంది, మనవాళ్ళు కూడా కొందరు వస్తున్నారు. ఈ మధ్య ముగ్గురు నలుగురు ఫోన్ చేసి "అన్నా, మా కుక్కను కూడా తెచ్చుకోవచ్చా?" అని అడిగారు. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట మీరు మీకు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మీ కుక్క తుపాకి చప్పుడు ఎప్పుడైనా విందా? వినకపోతే ఈ ఏడాది ఇంట్లోనే ఉంచండి. క్యాంపులో ఒకేసారి నాలుగైదు తుపాకులు పేలతాయి. మొదటిసారే ఆ మోత విన్న కుక్క బెదిరి పరిగెత్తితే, మైళ్ళ కొద్దీ మొక్కజొన్న చేలలో దాన్ని వెతకడం ఎంత నరకమో నేను చూశాను. మా పక్క క్యాంపు వాళ్ళ కుర్ర కుక్క రాత్రి పదింటికి దొరికింది. ఆ తర్వాత దీపావళి టపాసులకే కాదు, కారు తలుపు గట్టిగా వేసినా అది వణికేదట. అలవాటు చేయాలంటే నెలలు పడుతుంది. కుక్క ఏదైనా ఇష్టమైన పనిలో మునిగి ఉన్నప్పుడు చాలా దూరం నుంచి, చిన్న చప్పుడుతో మొదలుపెట్టి, అది పట్టించుకోవడం లేదని తేలాకే కొద్దికొద్దిగా దగ్గరికి రావాలి.

రెండోది, క్యాంపు ఎవరిదో వాళ్ళని అడగండి. మేము దిగేది ఒక రైతు కుటుంబం వాళ్ళ పాత ఇంట్లో. వాళ్ళకి పెంపుడు పిల్లులున్నాయి, కోళ్ళున్నాయి. కుక్క ఇంట్లో పడుకోవచ్చా, ట్రక్కులోనే ఉండాలా, ఇంకా ఎవరి కుక్కలు వస్తున్నాయి అన్నది ముందే తెలియాలి. మీది ఆడకుక్క అయి ఎదకి వచ్చి ఉంటే తీసుకెళ్ళొద్దు. క్యాంపులో ఉన్న మగకుక్కలన్నీ పని మానేస్తాయి, కొట్లాటలు మొదలవుతాయి.

కర్రికి నేను జూలై నుంచే కసరత్తు మొదలుపెడతాను. తొమ్మిది నెలలు సోఫా మీద పడుకున్న కుక్క, తొలి రోజే నడుం ఎత్తు గడ్డిలో ఐదారు గంటలు పరిగెత్తాలంటే ఎలా? మొదట రోజూ అరగంట నడక, తర్వాత చెరువులో ఈత, సెప్టెంబర్‌కి గంటసేపు పరుగు. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కొట్టొచ్చినట్టు కనపడకూడదు. అరికాళ్ళు గట్టిపడటానికి కొంత నడక కంకర దారి మీద చేయిస్తాను. వెట్ (పశువుల డాక్టరు) దగ్గరికి కూడా అప్పుడే వెళ్తాం. రేబీస్ టీకా కాగితం, పిడుదులు (టిక్స్) పట్టకుండా మందు, వేరే రాష్ట్రానికి పోతున్నాం కాబట్టి హెల్త్ సర్టిఫికెట్. చల్లబడింది కదా పిడుదులుండవు అనుకోవద్దు, లైమ్ జబ్బు తెచ్చే జింక పిడుదులు అక్టోబర్, నవంబర్‌లో కూడా బాగా తిరుగుతాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, ఎండ. అక్టోబర్ అంటే చలి అనుకుంటాం. కానీ సీజన్ మొదటి వారం డకోటాలో ఒక్కో ఏడాది 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. 2003లో అలాగే ఎండ కాసి, ఓపెనింగ్ రోజుల్లో చాలా వేటకుక్కలు వడదెబ్బకి చచ్చిపోయాయి. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లబడే దారి. పైగా లాబ్రడార్‌కి "ఇక చాలు" అనడం తెలియదు. పక్షి వాసన తగిలిందంటే కళ్ళు తిరిగి పడేదాకా పరిగెడుతుంది. ఆపాల్సింది మనమే.

కర్రికి నాలుగేళ్ళప్పుడు ఒకసారి ఆ అంచుదాకా పోయాం. పదకొండున్నర అయ్యుంటుంది. సౌత్ డకోటాలో ఉదయం పదింటికి గానీ వేట మొదలుపెట్టకూడదు, అంటే మొదలై గంటన్నరే. కర్రి నా ముందు పాతిక అడుగుల దూరంలో ఉంది. తోక ఊపడం తగ్గింది. నేను పక్షి ఎక్కడో దగ్గర్లో ఉంది, నెమ్మదిగా వాసన చూస్తోంది అనుకున్నాను. వెనక్కి తిరిగినప్పుడు దాని నాలుక చూశాను. కొస దగ్గర గరిటెలా వెడల్పయి, నోటి పక్కకి వేలాడుతోంది. చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిలిస్తే నా వైపు కాకుండా కొంచెం పక్కకి నడిచింది. తుపాకి ఖాళీ చేసి స్నేహితుడికిచ్చి, దాన్ని ఎత్తుకుని ట్రక్కు నీడకి తెచ్చాను. థర్మామీటర్ పెడితే 105.5. కుక్కకి మామూలు వేడి 101 నుంచి 102.5. పొట్ట మీద, చంకల్లో, గజ్జల్లో చల్లనీళ్ళు పోస్తూ టోపీతో విసిరాం. 103కి దిగాక నీళ్ళు పోయడం ఆపాం, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. అది లేచి తోక ఊపినా సరే, వెట్ దగ్గరికి తీసుకెళ్ళాం. లోపలి అవయవాల దెబ్బ తర్వాత రోజు బయటపడొచ్చని ఆవిడ రక్తపరీక్ష చేసి, మిగతా రెండు రోజులు వేట వద్దంది. ఆ రెండు రోజులూ నేను, కర్రి వరండాలో కూర్చున్నాం.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. వేటకి వేసుకునే చేతుల్లేని కోటు (వెస్ట్) జేబుల్లో నా కోసం ఒక సీసా, దాని కోసం రెండు. పావుగంటకోసారి ఆపి కొద్దికొద్దిగా తాగిస్తాను. ఎండ ఉంటే నలభై నిమిషాల పని, తర్వాత నీడలో విశ్రాంతి. చేను పక్క చెరువుల్లో ఆకుపచ్చ రంగు పొర కట్టిన నీళ్ళుంటే దగ్గరికి కూడా పోనివ్వను, ఆ నాచు కొన్నిసార్లు విషం. 70 దాటిన రోజు మధ్యాహ్నం కుక్కను బయటికే తీయను. పక్షులు దొరకకపోతే పోయె.

తిండి విషయంలో చాలామంది తప్పు చేసేది పొద్దున. పెద్ద గిన్నె నిండా పెట్టి చేలోకి దింపుతారు. నిండు పొట్టతో పరిగెత్తినప్పుడు, లోతైన ఛాతీ ఉన్న కుక్కలకి పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. వాంతి చేయబోయి ఏమీ రాకపోవడం, పొట్ట డప్పులా బిగుసుకోవడం కనపడితే గంటలు కాదు, నిమిషాలు లెక్కపెట్టుకుని వెట్ దగ్గరికి పరిగెత్తాలి. అందుకే కర్రికి అసలు భోజనం రాత్రి, పని ముగిశాక ఓ గంట ఆగి. పొద్దున లేవగానే కాసిని కుక్క తిండి గింజలు, మధ్యలో చిన్న ముక్కలు. మేత మార్చాలంటే క్యాంపులో కాదు, నెల ముందే ఇంట్లో మార్చండి.

క్యాంపు వంటింటి గురించి మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. నేను పులిహోర, కోడికూర చేసుకుని వెళ్తాను, అందరూ ఎదురుచూస్తారు. కానీ ఉల్లి, వెల్లుల్లి పడిన కూర కుక్కకి విషం లాంటిది, రక్తకణాలు దెబ్బతింటాయి. పరవాన్నంలో ఎండుద్రాక్ష మూత్రపిండాలని దెబ్బతీస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ ఇంకా ప్రమాదం. వండిన ఎముక పగిలి గుచ్చుకుంటుంది. క్యాంపులో పెద్దమనుషులందరూ ప్రేమగా తలా ఓ ముక్క వేస్తారు, ఎవరిని కాదంటాం? అందుకే మొదటి రాత్రే అందరికీ చెప్పేస్తాను: కర్రికి ఏం పెట్టాలన్నా నన్నడగండి.

ఇంట్లో అడుగుపెట్టగానే కుక్కను వదలకండి. మూడేళ్ళ కిందట వేరే చోట అద్దెకి దిగిన ఇంట్లో నేను సామాను దించుతున్నాను, కర్రి వంటింట్లోకి దూరింది. రెండు నిమిషాల్లో బయటికొచ్చింది, మీసాలకి ఆకుపచ్చ పొడి అంటుకుని ఉంది. ఫ్రిజ్ వెనక చూస్తే నమిలిన ఎలుకల మందు దిమ్మ. ఏడాదంతా మూసి ఉండే ఇల్లు, ఎలుకలు తిరుగుతాయి, మందు పెట్టారు, మాకు చెప్పడం మరిచిపోయారు. నేను చేసిన మంచి పని ఒక్కటే, చెత్తబుట్టలో వెతికి ఆ మందు డబ్బా వెంట తీసుకెళ్ళడం. అందులో ఏ మందుందో తెలిస్తేనే వెట్ దానికి తగిన వైద్యం ఎంచుకోగలరు. అది రక్తం గడ్డకట్టకుండా చేసే రకం. వెంటనే వాంతి చేయించి, తర్వాత వారాల తరబడి విటమిన్ కె1 మాత్రలు ఇచ్చారు. ఆ రకం మందు తిన్నా కుక్క మూడు నాలుగు రోజులు మామూలుగానే ఉంటుంది, తర్వాత లోపల రక్తం కారడం మొదలవుతుంది. బాగానే ఉంది కదా అని ఊరుకుంటే పోతుంది. ఇప్పుడు నేను టార్చ్ పట్టుకుని స్టవ్ వెనక, సింక్ కింద, మంచాల కింద, షెడ్డులో మోకాళ్ళ మీద పాకి చూశాకే దాన్ని ట్రక్కు దించుతాను.

కుక్కలు కుక్కలు కలిసేటప్పుడు ఇంటి గుమ్మంలో కాదు, బయట దారి మీద లీష్‌లతో కాసేపు పక్కపక్కన నడిపించండి. గిన్నెలు వేరు, తినే చోటు వేరు, వేటలో తెచ్చిన పక్షుల దగ్గర అసలు ఒంటరిగా వదలొద్దు. రాత్రి ఏ కుక్క దాని క్రేట్‌లో (పడుకునే పెట్టెలో). నవంబర్ తర్వాత వెళ్ళేవాళ్ళు ట్రక్కు క్రేట్‌కి చలి కవర్ కప్పి లోపల ఎండుగడ్డి వేయండి, పడుకునే ముందు కుక్క ఒళ్ళు పొడిగా ఉందో లేదో పొట్ట కింద చెయ్యి పెట్టి చూడండి.

తుపాకుల దగ్గర రెండు నియమాలు, వీటిలో నాకు మొహమాటం లేదు. నిండిన తుపాకి ఉన్నచోట కుక్క విడిగా తిరగకూడదు. ట్రక్కులో పడేసిన తుపాకి ట్రిగ్గర్ మీద కుక్క కాలు పడి మనుషులు పోయిన సందర్భాలున్నాయి. రెండోది, పక్షి కింద ఆకాశం కనపడితేనే కాల్చాలి. గాయపడిన పుంజు నేల మీద పరిగెడుతుంటే దాని వెనకే కుక్క ఉంటుంది. కుక్కకి నారింజ రంగు చొక్కా తప్పనిసరి. గుంపులో కొత్తవాళ్ళుంటే పొద్దున్నే ఇది గట్టిగా చెప్తాను. వినని మనిషి పక్కన కర్రిని నడిపించను.

మందుల పెట్టెలో నేను పెట్టుకునేవి చెప్తాను: సెలైన్ సీసా, గాజుగుడ్డ, అంటుకునే బ్యాండేజీ, ట్వీజర్, సన్నమూతి పటకారు, థర్మామీటర్, కాళ్ళకి తొడిగే బూట్లు, వైరు కత్తిరించే కట్టర్. కట్టర్ ఎందుకంటే, నక్కలకి పెట్టిన తీగ ఉచ్చులో కుక్క మెడ పడొచ్చు. ముళ్ళపంది ముళ్ళు ఒకటి రెండైతే మొదలు దగ్గర పటకారుతో పట్టి తిన్నగా లాగాలి, కత్తిరించకూడదు. మూతి నిండా గుచ్చుకుంటే మత్తిచ్చి తీయాల్సిందే, వెట్ పని. మనం వేసుకునే నొప్పి మాత్రలు ఏవీ కుక్కకి ఇవ్వొద్దు. దగ్గర్లో శని, ఆదివారాలు పలికే వెట్ నంబరు బయల్దేరే ముందే ఫోన్‌లో పెట్టుకోండి.

స్కంక్ (తోక కింద నుంచి కంపు ద్రవం చిమ్మే జంతువు) కంపు కొట్టిందా, టమాటా రసం దండగ. ఒక క్వార్ట్ (దాదాపు లీటరు) మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, పావు కప్పు బేకింగ్ సోడా, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు. అప్పటికప్పుడు కలిపి, కళ్ళలో పడకుండా రుద్ది, ఐదు నిమిషాలాగి కడిగేయాలి. మిగిలింది సీసాలో పెట్టి మూత బిగిస్తే పేలుతుంది, పారబోయండి.

సాయంత్రం పని ముగిశాక నేను బీరు సీసా తెరిచే ముందు కర్రిని చూస్తాను. కళ్ళ మూలలు, చెవుల లోపల, చంకలు, గజ్జలు, చివరికి ఒక్కో కాలి వేళ్ళ సందులు. అక్కడి గడ్డి గింజలకి వెనక్కి రాని కొక్కేల్లాంటి నూగు ఉంటుంది, చర్మంలో దూరితే ముందుకే పోతుంది. ముళ్ళకంచె కోతలు బొచ్చు కింద కనపడవు, చేత్తో తడిమితేనే తెలుస్తాయి.

ఇంటికొచ్చాక కూడా వారం పాటు రోజూ ఇదే చూడండి. పోయినేడు మేము ఆదివారం రాత్రి తిరిగొచ్చాం. మంగళవారం రాత్రి కర్రి హాల్లో కూర్చుని కుడి ముందుకాలు నాకుతూనే ఉంది. మా ఆవిడ టార్చ్ పట్టుకుంది, నేను వేళ్ళు విడదీశాను. రెండో సందులో ఎర్రగా వాచిన చిన్న చుక్క, అందులోంచి పైకి వెంట్రుకంత గడ్డి మొన. ట్వీజర్‌తో పట్టి మెల్లగా లాగితే అంగుళంలో మూడో వంతు బయటికొచ్చింది. సెలైన్‌తో కడిగాం. కర్రి కాలు వెనక్కి తీసుకుని, ఇంకోసారి నాకి, పక్కకి ఒరిగి పడుకుంది.