తిరుపతి, చిత్తూరు వైపు ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాలంటే: దరఖాస్తు, కాగితాలు, అసలు ఖర్చు

ఇంటర్ ఫలితాలు వచ్చి వారం తిరక్కముందే, ప్రైవేటు కాలేజీల తరఫున పిల్లల్ని చేర్పించే పీఆర్వోలు ఊళ్లలోకి దిగుతారు. పాకాల, పుత్తూరు, చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో పాసైన పిల్లల పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లు వాళ్ల చేతిలో ముందే ఉంటాయి. "పాపకు ఫ్రీ సీటన్నా, ఒక్క రూపాయి కట్టే పనిలేదు. హాల్ టికెట్ జెరాక్సు ఇచ్చి, ఫోన్‌కొచ్చే ఓటీపీ చెప్పండి చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం" అంటారు. పోయిన ఏడాది మా అక్క కూతురికి ఇదే జరిగింది. పిల్ల పేరు మీద వాళ్లే రిజిస్ట్రేషన్ చేసి, ఏ కాలేజీలు కావాలో ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో తమ కాలేజీ ఒక్కటే పెట్టేశారు. సీటు అలాట్ అయ్యాక గానీ మాకు తెలియలేదు. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఆ పద్ధతి ఒక్క కాలేజీది కాదు.

చిన్న ప్రైవేటు కాలేజీలన్నీ చెడ్డవని చెప్పడం లేదు. పిల్లలు తక్కువ, లెక్చరర్‌కు పేరుపేరునా తెలుస్తారు, ఇంటికి దగ్గర. అలా చూసి చేర్పించేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ కాలేజీకి వెళ్లగానే అందరం అడిగే మొదటి ప్రశ్న "ఫీజెంత సార్?" దానికంటే ముందు అడగాల్సింది, ఈ సీటు ఏ కోటా కింద ఇస్తున్నారని. ఖర్చంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

సీటు వచ్చే దారులు

మొదటిది కన్వీనర్ కోటా. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీ ప్రవేశాలను ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి తెచ్చింది. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్, మీరిచ్చిన ఆప్షన్ల వరుస చూసి సీటు కేటాయిస్తారు. రెండోది కాలేజీయే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా, మూడోది చివర్లో మిగిలినవాటికి పెట్టే స్పాట్ అడ్మిషన్.

మొదటి దారిలో వచ్చినవాళ్లకే ఫీజు రీయింబర్స్‌మెంట్. మిగతా రెండిటికీ లేదు. "ఇప్పుడు మేనేజ్‌మెంట్‌లో చేరండి, తర్వాత మార్పిస్తాం" అని ఎవరైనా అంటే, ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వరు.

ఇంకో సంగతి. ఫ్రీ సీటు అనేది ఎక్కడా లేదు. ట్యూషన్ ఫీజును మీ తరఫున ప్రభుత్వం కడుతుంది, అంతే. దానికి కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లున్నా, కారున్నా ఇబ్బందే. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. మధ్యలో కొన్నేళ్లు ఈ డబ్బు విద్యాదీవెన పేరుతో తల్లి ఖాతాకు వచ్చేది. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీకే వేస్తామన్నారు. ఇది తెలియని తల్లిదండ్రులు ఇప్పటికీ బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుని చూస్తున్నారు.

దరఖాస్తు ఎలా

అర్హత పెద్ద చిక్కేమీ కాదు: ఇంటర్ లేదా తత్సమాన పరీక్ష పాసై ఉండాలి. సప్లిమెంటరీలో పాసైనవాళ్లు, ఓపెన్ స్కూల్ ఇంటర్ వాళ్లు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. బీకాం, బీఏలకు ఏ గ్రూపువాళ్లయినా ఫరవాలేదు. బీఎస్సీకి మాత్రం ఇంటర్‌లో ఆ సబ్జెక్టులు చదివి ఉండాలి. 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల కాంబినేషన్ పోయి మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మైనర్ (దానికి తోడు సబ్జెక్టు) అనే విధానం వచ్చింది. మూడేళ్లకు డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. అందువల్ల "బీఎస్సీ ఎంపీసీ ఉందా" అని అడక్కుండా మీకు కావాల్సిన మేజర్ ఆ కాలేజీకి మంజూరైందా అని అడగండి.

నోటిఫికేషన్ ఫలితాల వెంటే రాదు. ఏప్రిల్‌లో ఫలితాలొస్తే ఇది వేసవి దాటాక వస్తుంది. ఈ ఎడంలోనే పీఆర్వోల హడావుడి. "సీటు బ్లాక్ చేసుకోండి, రెండు వేలు అడ్వాన్స్ కట్టండి" అనేది ఇప్పుడే. కన్వీనర్ సీటును బ్లాక్ చేసే అధికారం ఏ కాలేజీకీ లేదు.

నోటిఫికేషన్ వచ్చాక పని ఒక పూటలో అయిపోతుంది. ఫోన్ నంబరు, ఇంటర్ హాల్ టికెట్ నంబరుతో రిజిస్టర్ అవ్వాలి. గత నోటిఫికేషన్లలో రిజిస్ట్రేషన్ ఫీజు ఓసీలకు రూ. 400, బీసీలకు రూ. 300, ఎస్సీ, ఎస్టీలకు రూ. 200 ఉంది. నెట్ సెంటరువాళ్లు దీనిమీద తమ చార్జీ విడిగా తీసుకుంటారు. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి, పరిశీలన అయ్యాక వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. దివ్యాంగులు, ఎన్‌సీసీ, స్పోర్ట్స్, సైనికోద్యోగుల పిల్లలు మాత్రం నోటిఫికేషన్‌లో చెప్పిన సహాయ కేంద్రానికి ఒరిజినల్స్‌తో స్వయంగా వెళ్లాలి.

ఫోన్ నంబరు ఎవరిది ఇస్తున్నారో గమనించండి. నెట్ సెంటరు అబ్బాయిది ఇస్తే ఓటీపీలన్నీ అతనికే వెళ్తాయి. ఇంట్లో ఎవరి దగ్గరైనా ఏడాదిపాటు మారని నంబరు ఇవ్వండి. పాస్‌వర్డ్ ఒక నోటుబుక్కులో రాసుకోండి.

ఆప్షన్ల దగ్గర తొందరపడొద్దు. పది పెట్టినా ఇరవై పెట్టినా నష్టం లేదు, పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి మీ మార్కులకు ఎక్కడ సీటు తగిలితే అక్కడ ఇస్తారు. జాబితాలో కనిపించే ప్రభుత్వ, టీటీడీ కాలేజీలను ముందు పెట్టి, ఇంటిదగ్గరి ప్రైవేటు కాలేజీని తర్వాత పెట్టండి. తిరుపతిలో 1945 నాటి ఎస్వీ ఆర్ట్స్, ఆడపిల్లలకు 1952 నాటి పద్మావతి కాలేజీ, గోవిందరాజస్వామి ఆర్ట్స్ కాలేజీ, చిత్తూరులో పీవీకేఎన్, ఆడపిల్లలకు సావిత్రమ్మ కాలేజీ ఉండగా, ఆరు గదుల అద్దె భవనాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టడం ఎందుకు? అక్కడ రాకపోతే అప్పుడు చూసుకోవచ్చు. ఆ తర్వాత ఆప్షన్ల పేజీని ప్రింటు తీసి దాచుకోండి. గడువు లోపల ఎవరైనా లోపలికి వెళ్లి మార్చితే తెలుస్తుంది.

కాగితాలు

టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, బియ్యం కార్డు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఫొటోలు. ఓసీల్లో ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవాళ్లు ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడినవాళ్ల) సర్టిఫికెట్ తీసుకుంటే 10 శాతం కోటా వర్తిస్తుంది. దాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలి. పోయిన ఏడాది అన్నయ్యకు తీసినది తమ్ముడికి పనికిరాదు. ఇవన్నీ సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఆఫీసు నుంచి వస్తాయి. 2025 జనవరి నుంచి ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009లో కూడా ఇలాంటి సేవలు దొరుకుతున్నాయి. నోటిఫికేషన్ వచ్చాక పోతే అక్కడ జాతరే, మే నెలలోనే పెట్టుకోండి.

టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు చాలామందికి ఆగేది ఇక్కడే.

మన సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇంకొక తలనొప్పి ఉంది. నగరి వైపు పిల్లలు తిరుత్తణి, చెన్నైలలో, కుప్పం వైపు పిల్లలు బెంగళూరులో చదివి, డిగ్రీకి ఇటు వస్తారు. 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకే. ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతం అంటే పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదివితే లోకల్. ఇల్లు ఇక్కడే ఉండి చదువు మాత్రం అవతల సాగినవాళ్లకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువీకరణ పత్రమే ఆధారం. సీబీఎస్‌ఈ, తమిళనాడు, కర్ణాటక బోర్డులవాళ్లు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవాలి. దానికి రోజులు పడుతుంది.

అసలు ఖర్చు

ప్రైవేటు కాలేజీల ఫీజును కాలేజీ తనకు తోచినట్టు పెట్టకూడదు. 2019 చట్టంతో ఏర్పడిన రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫారసు మీద కాలేజీవారీగా, కోర్సువారీగా ప్రభుత్వం జీవో ఇస్తుంది. ఆ జీవోలో మీ కాలేజీ పక్కన ఉన్న అంకె ఒక్కటే ట్యూషన్ ఫీజు. కాలేజీలో "మా ఫీజు ఇంత" అంటే "జీవోలో ఎంతుంది సార్" అని మర్యాదగానే అడగండి. దానిమీద డొనేషన్ తీసుకోవడం 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ప్రకారం నేరం.

రీయింబర్స్‌మెంట్ వచ్చినా చేతినుంచి పడేవి వేరే ఉంటాయి. యూనివర్సిటీ రిజిస్ట్రేషన్, సెమిస్టరుకొకసారి పరీక్ష ఫీజు, రికార్డులు, యూనిఫారం, ఐడీ కార్డు, బస్సు, "డెవలప్‌మెంట్" అని ఒకటి, "అదర్స్" అని ఇంకొకటి. ఉదాహరణకు ట్యూషన్ ఫీజు ఏడాదికి 15,000 అనుకుందాం. అది ప్రభుత్వం కట్టింది. బస్సు 12,000, యూనిఫారం, పుస్తకాలు 4,000, పరీక్ష ఫీజులు, ఇతరాలు కలిపి 4,000 అయితే మీ ఫ్రీ సీటు ఏడాదికి 20,000. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలే. మీ కాలేజీ అంకెలు ఒక తెల్లకాగితం మీద ఇలాగే రాయించుకుని, కాలేజీ ముద్ర వేయించుకోండి. మూడేళ్లకూ రాయించుకోండి, ఎందుకంటే మొదటి ఏడాది వదిలేసి రెండో ఏడాది అడిగే రకాలున్నాయి.

పై లెక్కలో పెద్ద అంకె బస్సుదే. ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. పుత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో తిరుపతి వచ్చే అమ్మాయికి కాలేజీ బస్సు తప్పనిసరి కాదు. మగపిల్లలకు స్టూడెంట్ పాస్ ఉండనే ఉంది. "బస్సు ఫీజు కంపల్సరీ" అంటే ఎందుకని అడగండి. మా అక్క కూతురి కాలేజీలో మేం అలా అడిగితే, మూడు నిమిషాలు ఆలోచించి తీసేశారు.

ఏ చెల్లింపుకైనా రసీదు. అది కూడా కాలేజీ పేరు, ఏ పద్దు కింద తీసుకున్నారో ఉన్న రసీదు. పీఆర్వో సొంత ఫోన్‌పే నంబరుకు పంపిన డబ్బుకు లెక్క ఉండదు.

చేరాక మానేస్తే

వేరేచోట మంచి సీటు వచ్చిందంటే "ఒరిజినల్స్ ఇవ్వం, మూడేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లండి" అనే మాట వినని ఇల్లు మా వీధిలో లేదు. 2018లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) దీనిపై స్పష్టంగా చెప్పింది. ఒరిజినల్స్ చూసి, అక్కడే తిరిగిచ్చేయాలి, తమ దగ్గర పెట్టుకోకూడదు. ముందుగానే మొత్తం కోర్సు ఫీజు వసూలు చేయకూడదు, ఆ సెమిస్టరుదో ఆ ఏడాదిదో మాత్రమే.

మానేసినవాళ్లకు ఫీజు వాపసు లెక్క ప్రకటించిన అడ్మిషన్ల చివరి తేదీని బట్టి ఉంటుంది. ఆ తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందే చెబితే మొత్తం వాపసు, ప్రాసెసింగ్ కింద 5 శాతం మించకుండా, అదీ రూ. 5,000 లోపే పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజులకన్నా తక్కువ ఉండగా అయితే 90 శాతం, తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 16 నుంచి 30 రోజుల్లోపు 50 శాతం, ఆ తర్వాత ఏమీ రాదు. మానేస్తున్నట్టు నోటితో చెబితే చెల్లదు. లేఖ ఇచ్చి, దాని నకలు మీద "అందింది" అని తేదీతో సంతకం పెట్టించుకోండి. ఇవ్వకపోతే ఎస్వీయూలోని కాలేజ్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ డీన్‌కు, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు కాలేజీలైతే నెల్లూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీకి.

చేరేముందే చూడాల్సింది ఒకటి మిగిలింది. ఆ కాలేజీకి ఈ ఏడాది అఫిలియేషన్ (యూనివర్సిటీ గుర్తింపు) ఉందా, మీ కోర్సుకు సీట్లున్నాయా అనేది. ఓఏఎండీసీ జాబితాలో కాలేజీ కోడ్, కోర్సు కనిపించకపోతే అక్కడ చేరొద్దు. బోర్డు మీద ఒక పేరు, హాల్ టికెట్ మీద ఇంకో కాలేజీ పేరు వచ్చిన పిల్లలున్నారు.

సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో అలాట్‌మెంట్ లెటర్ తీసుకుని, గడువులోపు కాలేజీలో రిపోర్ట్ చేయాలి. చేయకపోతే సీటు పోతుంది. తర్వాత జ్ఞానభూమి పోర్టల్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు కాలేజీ ద్వారా వెళ్తుంది. మీ దరఖాస్తు నంబరు అడిగి తీసుకోండి. రెండో ఏడాది, మూడో ఏడాది రెన్యువల్ చేయించుకోవాలి, తనంతట తాను జరగదు. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైనప్పుడు సెమిస్టరు పరీక్షల ముందు కొన్ని కాలేజీలు హాల్ టికెట్ ఆపి, "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అంటాయి. అప్పుడు ఆ దరఖాస్తు నంబరు, ముద్ర వేయించుకున్న ఫీజు కాగితం, హాజరు వివరాలు పట్టుకుని నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లండి. గుమాస్తా దగ్గర వాదన పెట్టుకోవద్దు. అక్కడా ఇవ్వకపోతే పరీక్షకు ముందే యూనివర్సిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, పరీక్ష అయ్యాక ఇస్తే ఎవరికీ పట్టదు.