బెంగళూరు ప్రైవేటు బడిలో అయిదో తరగతి దాకా పిల్లలు ఏం నేర్చుకుంటారో తెలుసుకోవడం ఎలా?

ప్రవేశాల సమయంలో బడివారు చేతికిచ్చే రంగుల పుస్తకంలో ఈతకొలను, రోబోటిక్స్ గది ముందు పుటల్లో ఉంటాయి. పిల్లలు ఏం చదువుతారన్నది చివరి పుటకు చేరుతుంది. అందువల్ల మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో బడి వెతుకుతున్న తెలుగు తల్లిదండ్రులు తరగతివారీ పాఠ్యాంశాల పట్టికతో పాటు, నిరుడు మూడో తరగతి చదివిన ఎవరిదైనా ఒక లెక్కల నోటుపుస్తకాన్ని కూడా చూపించమని అడగాలి.

సీబీఎస్‌ఈయా, ఐసీఎస్‌ఈయా, రాష్ట్ర బోర్డా అన్న చర్చకు ఈ వయసులో అంత విలువ లేదని నా అభిప్రాయం. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం బడికి ముందు మూడేళ్లు, ఒకటి, రెండు తరగతులు కలిసి ఒకే పునాది దశ. మూడు నుంచి అయిదు వరకు సన్నాహక దశ. ఈ విధానాన్ని అనుసరించి, బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్సీఈఆర్టీ 2023లో ఒకటి, రెండు తరగతులకు కొత్త పుస్తకాలు తెచ్చింది. ఆ రెండేళ్లూ భాష, లెక్కలే ప్రధానం. పరిసరాల విజ్ఞానం విడి పాఠంగా మూడో తరగతిలో మొదలవుతుంది. రెండో తరగతి పిల్లవాడికి సైన్సు, సాంఘికం, జీకే, కంప్యూటర్లు అంటూ విడివిడి పుస్తకాలు పెట్టిన బడిలో, చదవడానికీ రాయడానికీ ఎంత సమయం మిగులుతోందో అడిగి తెలుసుకోవాలి.

లెక్కల్లో జాగ్రత్తగా చూడవలసినది స్థాన విలువ, అంటే అంకె ఉన్న చోటును బట్టి దానికి వచ్చే విలువ. పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడటానికి 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేసరికి 9999 వరకు సంఖ్యలు చదవడం, రాయడం రావాలనీ, నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవగలగాలనీ లక్ష్యం పెట్టింది. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లవాడు కూడా 402లోంచి 137 తీసివేయమంటే సున్నా దగ్గర ఆగిపోవచ్చు. అప్పుడు ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అన్న మన చిన్ననాటి మాట చెప్పి ఊరుకోకుండా, చీపురుపుల్లలను పదేసి కట్టలుగా, పది కట్టలను ఒక వంద మోపుగా కట్టి, మోపు విప్పితే పది కట్టలూ, కట్ట విప్పితే పది పుల్లలూ వస్తాయని వాడి చేతనే చేయించాలి.

పరిసరాల విజ్ఞానంలో నీరు, ఆహారం, ఇల్లు, ప్రయాణం వంటి అంశాలుంటాయి. మీ అపార్టుమెంటుకు వచ్చేది కావేరి నీరా, బోరు నీరా, ట్యాంకరు నీరా అని పిల్లలను కాపలాదారు దగ్గరకు పంపి అడిగించండి. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి కావేరిని ఎత్తుకు తోడి ఈ నగరానికి తెస్తారన్న సంగతి అప్పుడు వాళ్ల మనసుకు మరింత బాగా పడుతుంది.

కన్నడమంటే మనవాళ్లకు అనవసరమైన భయం. 2015 నాటి కన్నడ భాషా అభ్యసన చట్టం బడుల్లో కన్నడను మొదటి లేదా రెండో భాషగా నేర్పాలంటుంది; 2017–18 నుంచి ఒకటో తరగతితో మొదలుపెట్టి దశలవారీగా దీన్ని అమలుచేస్తూ వచ్చారు. ఇందుకు ట్యూషను వెతికే ముందు ఇంట్లో తెలుగు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు నేర్పండి. రెండు లిపులకూ మూలం ఒకటే కాబట్టి సగం పని అక్కడే అయిపోతుంది. మన పాలు వాళ్ల హాలు, మన పులి వాళ్ల హులి, మన పాము వాళ్ల హావు అని జతలు చెబితే పిల్లలు ఆటగా పట్టుకుంటారు. అన్ని మాటలూ ఇలా కలవవని, మన పేరు వాళ్లకు హెసరని కూడా అప్పుడే చెప్పాలి.

ఇంటిపని (హోంవర్క్) విషయంలో కేంద్రం తెచ్చిన 2020 బడిసంచి విధానం రెండో తరగతి వరకు అసలు వద్దంటుంది. మూడు నుంచి అయిదు వరకు వారానికి గరిష్ఠంగా రెండు గంటలు చాలంటుంది. మీరు చూడబోయిన బడి రోజుకు ఎంత పని ఇస్తోందో అక్కడ చదివే పిల్లల తల్లులను గేటు దగ్గర అడగండి, కార్యాలయంలో కాదు.